దేవుడికి ఇవ్వవలసినది

కోవిల్‌పట్టి బస్టాండులో కండక్టరు విజిల్ వేసేసరికి నేను ఎండ పడే వైపు కిటికీ పక్కన కూర్చుని ఉన్నాను, నీడ వైపు సీట్లు ఖాళీగా ఉన్నాయి, లేచి అటు మారవచ్చు, మారలేదు. విరుదునగర్‌కు గంట ప్రయాణం, మధ్యలో సాత్తూరులో కాసేపు ఆగుతుంది, దిగేలోపు నేను ఒక మాట సిద్ధం చేసుకోవాలి. అక్కడ నా తమ్ముడు మహేంద్రన్ తన పిండిమిల్లు తలుపు తీసి నాకోసం కూర్చుని ఉంటాడు. సాయంత్రానికి చిన్న లారీ చెప్పి ఉంచాడు. నేను సరే అంటే మిల్లును మోటారుతో, రాళ్లతో, బెల్టుతో సహా విప్పి లారీకెక్కించి వత్రాప్ కొండ కింద మా ఇంటి దేవుడి దగ్గర దింపి వస్తాడు, వద్దంటే మళ్లీ తిప్పుకుంటాడు. మా ఇళ్లలో ఇలాంటిది పెద్దవాడు చెప్పాలి, వాడు నా మాట కోసం ఆగి ఉన్నాడు. మిల్లు నా కూతురిని తీసుకుంది. ఈ వాక్యాన్ని ఈ కొన్ని వారాల్లో చాలాసార్లు దిద్దాను. మిల్లులో నా కూతురు చనిపోయింది. మిల్లు బెల్టులో చున్నీ చిక్కుకుని నా కూతురు కార్తీశ్వరి, పన్నెండో తరగతి, చనిపోయింది. బడిలో ఇంగ్లీషు చెబుతాను, పిల్లలు రాసిన దాంట్లో అనవసరమైన మాటలు కొట్టేయడం నా పని, ఇందులో ఏ మాట కొట్టేయాలో మాత్రం తేలలేదు.

బస్సు ఊరి అంచున మలుపు తిరిగింది, వేరుశనగ మిఠాయి పాకం వాసన ఒకసారి లోపలికి వచ్చి పోయింది, తర్వాత అగ్గిపెట్టెల కంపెనీల పొడవాటి రేకుల షెడ్లు, వాటి గోడల మీద రంగు వెలిసిన చిలకలు, తామరపూలు, పులులు. నా భార్య గాంధిమతి పెళ్లికి ముందు ఇంట్లో కూర్చుని అగ్గిపెట్టెల అట్టలు అంటించేది, ఇప్పటికీ ఊరికే కూర్చున్నప్పుడు ఆమె బొటనవేలు చూపుడువేలి మీద ఏదో అంచును మడుస్తున్నట్టు కదులుతుంది, ఈ వారాల్లో ఆ వేలు ఆగనే లేదు. పొద్దున నేను చొక్కా వేసుకుంటుంటే గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "మీరు పెద్దోరు దా. మీ తమ్ముడు మీ మాట దాటడు. ఆ మిషను మళ్ళా తిరిగిందని నా చెవిలో పడగూడదు. సామికి విడిచెయ్యమని చెప్పండి." నేను గుండీలు పెట్టుకున్నాను. "ఏమీ చెప్పకుండా పోతే నేను ఏమనుకొనేది?" అంది. చెప్పులు వేసుకుంటూ వంగాను, వంగినవాణ్ణి కాసేపు అలాగే ఉండిపోయాను, చెప్పు బకిల్ పెట్టడానికి అంతసేపు పట్టదు, ఆమెకూ తెలుసు. ఆమె తప్పుకుంది. ఇరవై ఏళ్ల కాపురంలో గుమ్మానికి అడ్డం నిలబడటం అదే మొదలు.

నిన్న తంగం ఫోన్ చేసింది, మహేంద్రన్ భార్య, బడి వరండాలో నిలబడి మాట్లాడాను. "బావా, నేను చెప్పినానని చెప్పొద్దు," అని మొదలుపెట్టింది, వెనుక ఎక్కడో కుక్కర్ కూత వినిపించింది. "మిల్లు పోతే మేం ఏం తినేది బావా? అది కూడా పోనీ. ఆయన దా, తినేదీ లేదు, పండుకొనేదీ లేదు, ఎత్తుకోని పోండి ఎత్తుకోని పోండి అంటాడు. ఎత్తుకోని పోయినాక ఆయన్ని నేను ఏడ పెట్టుకునేది?" నేను వస్తున్నానని మాత్రం చెప్పాను. వరండా చివర ఏడో తరగతి పిల్లలు పద్యం వల్లిస్తున్నారు, ఒకే చోట తప్పుతున్నారు, మళ్లీ మొదటికి వస్తున్నారు, నేను లోపలికి వెళ్లి ఆ తప్పు దిద్దాను.

నల్లరేగడి నేల, రెండువైపులా సీమతుమ్మ చెట్లు, ఆకాశంలో మబ్బు లేదు. సామికి విడిచేది. ఈ తమిళ ఊళ్లలో తరాలుగా ఉంటున్న మా తెలుగు, మాట నొక్కడానికి తమిళపు 'దా' తగిలించుకున్న తెలుగు, నోట్లోనే ఉంటుంది, కాగితం మీద ఉండదు, నేను పెద్దయ్యాక తెలుగు అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి, ఈ మాటను ఎక్కడా అచ్చులో చూడలేదు. ఒక మనిషి ప్రాణం తీసిన వస్తువును మా వాళ్లు ఇంట్లో ఉంచుకోరు, అమ్మరు, పారేయరు. వత్రాప్‌లో కొండ మొదట్లో చింతతోపు దాటాక మా కరుప్పసామి ఉన్నాడు, చేతిలో ఎత్తిన కొడవలి, ఆయన ముందు మట్టిలో సగం దిగబడిన ఇనుము, బావి గిలక ఒకటి, గడ్డపార ఒకటి, తెగిన ఉయ్యాల గొలుసు, ఒక బండిచక్రం. పాత ఇనుము కొనేవాళ్లు కూడా అటు చూడరు. చిన్నప్పుడు పొంగలికి వెళ్లినప్పుడల్లా అమ్మ నా చెయ్యి, మహేంద్రన్ చెయ్యి కలిపి పట్టుకుని ఆ చక్రానికి దూరంగా నడిపించేది. వెళ్ళైసామి తాతది ఆ చక్రం, మా తాతకు అన్న ఆయన. పత్తి వేసుకుని వస్తూ బండి మీద కునుకు తీశాడట, ఎద్దులు దారి తప్పి పక్కకు లాగాయి, బండి పట్టుకుని నడుస్తున్న మేనల్లుడి మీదికి చక్రం ఎక్కింది. వస్తువును ఊరికే తెచ్చి పడేస్తే సామి తీసుకోడు. దాన్ని తిప్పినవాడు, నడిపినవాడు దాని మీద చెయ్యి వేసి, ఇంటివాళ్లందరూ వింటుండగా, పోయినవాళ్ల పేరు చెప్పి ఎలా జరిగిందో పైకి చెప్పాలి. చెప్పేదాకా అది ఇంకా వాడిదే. వెళ్ళైసామి తాత ఎండలో నిలబడి "బండి తొక్కింది" అన్నాడట, ఎవరూ కదల్లేదు. "ఎద్దులు బెదిరినాయి" అన్నాడట, ఎవరూ కదల్లేదు. పొద్దువాలే వేళకు "నేను నిద్రపోతిని" అన్నాడు. అప్పుడు చనిపోయిన పిల్లవాడి తల్లి, ఆయన సొంత చెల్లెలు, ముంతతో నీళ్లు తెచ్చి ఆయనకు ఇచ్చింది. మా అమ్మ ఈ కథ చెప్పినప్పుడల్లా ఆ నీళ్ల దగ్గర ఆగేది.

కండక్టరు ముందు సీటులో ముసలాయనతో గొడవ పడుతున్నాడు, మిరపకాయల మూటకు కూడా టికెట్ తీసుకోవాలంటాడు, "మూట నా ఒళ్ళో కూర్చుంది, నీ సీట్లో కాదు" అంటాడు ముసలాయన, బస్సులో నవ్వారు, నా పక్కనున్నాయన కూడా నవ్వి నా వైపు చూశాడు, నేనూ పెదవులు కదిపాను. మూటలోంచి ఘాటు వస్తోంది. కార్తీ అయితే ఈపాటికి తుమ్మేది, మిరప వాసన తగిలితే వరసగా తుమ్మేది, తుమ్ముకూ తుమ్ముకూ మధ్య నవ్వేది, విరుదునగర్‌లో చిన్నాయన ఇంటికి పోవాలంటే ముక్కుకు చేతిరుమాలు కట్టుకుని బయలుదేరేది. మహేంద్రన్ "వస్తా ఉండాది చూడు, దొంగల రాణి" అనేవాడు.

మా ఇంట్లో ఒక లావుపాటి ఇంగ్లీషు నిఘంటువు ఉంది, మదురై పేవ్‌మెంటు మీద కొన్నాను, కార్తీ పుట్టిన కొత్తలో, అట్ట లేదు, వెన్ను విరిగింది, ఒక మనిషి రెండు చేతులతో మోయాలి. ఆమెకు చదవడం వచ్చాక ఆదివారం పొద్దున అదొక ఆట అయింది, కళ్లు మూసుకుని ఎక్కడో తెరిచి వేలు పెట్టేది, వేలి కింద పడిన మాట ఆ వారమంతా మా ఇంట్లో ఉండేది. చుట్టం వచ్చినట్టు ఉండేది. గాంధిమతికి ఇంగ్లీషు రాదు, కానీ వారం తిరిగేసరికి ఆ మాట ఆమెకూ వచ్చేది, కూరలవాడి మీద కూడా వాడేది. తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక ఆదివారం కార్తీ వేలు డియోడాండ్ అనే మాట మీద పడింది. నాకూ కొత్త. ఇద్దరం నేల మీద బోర్లా పడుకుని చదివాం. లాటిన్‌లో డియో అంటే దేవుడికి, డాండుమ్ అంటే ఇవ్వవలసినది. పాతకాలపు ఇంగ్లండులో ఒక వస్తువు వల్ల మనిషి చనిపోతే, అది బండి కానీ, గుర్రం కానీ, కూలిన చెట్టు కానీ, దాన్ని దేవుడి సొమ్ముగా రాజు తీసుకునేవాడు, లేదా దాని విలువ కట్టించుకునేవాడు, అది ధర్మకార్యాలకు పోవాలన్నది నియమం. చదవడం ఆపి ఆమె నా వైపు తిరిగింది. "నాయనా, మన వత్రాప్ చక్రం." అవునన్నాను. "అయితే దొరలకీ కరుప్పసామి ఉండాడు." పేజీ మీద వేలు ఆడించింది. "సామి ఒక్క చక్రం పెట్టుకోని ఏం చేస్తాడు? బండి దా లేదే." వంటింట్లోంచి గాంధిమతి, "బండి ఏడ ఇస్తారు? వెళ్ళైసామి తాత కొత్త చక్రం వేసుకోని సచ్చేదాంక అదే బండి తోలలా?" అంది. ఆ వారమంతా ఆట సాగింది. చెంబు కాలి మీద పడితే "ఈ చెంబు డియోడాండ్, సామికి ఇచ్చెయ్యండి" అని కుంటుతూ తిరిగింది. "అట్లయితే మొదట నీ నోరు ఇయ్యాల, దాంతో నా ప్రాణం పోతా ఉండాది" అంది వాళ్లమ్మ.

బడి లైబ్రరీలో ఒక పాత ఇంగ్లీషు విజ్ఞాన సర్వస్వం ఉండేది, సగం సంపుటాలు చెదలు తిన్నాయి, మిగిలిన వాటిలో ఇంకొంచెం దొరికింది, ఆమె కోసం రాసుకుని వచ్చాను. చనిపోయిన చోటికి ఊరి మనుషులను పిలిచి జ్యూరీగా కూర్చోబెట్టేవారు, ఏ వస్తువు చంపిందో వాళ్లు తేల్చాలి. ఆగి ఉన్న బండి చక్రం ఎక్కుతూ జారి పడి చస్తే చక్రం ఒక్కటే ఇవ్వాలి. నడుస్తున్న బండి కింద పడితే మొత్తం బండి, దాని మీదున్న బరువు, లాగుతున్న గుర్రాలు కూడా. చావు వైపు కదిలించినది ఏదైనా సరే, అది దేవుడిది, అదీ చట్టం. కానీ జ్యూరీ మనుషులు ఆ బండివాడి ఇరుగుపొరుగువాళ్లు, వాడు రేపు ఎలా బతుకుతాడో వాళ్లకు తెలుసు, చాలాసార్లు కదిలిన వాటిని కూడా కదల్లేదనేవారట, పెద్ద వస్తువుకు చిన్న విలువ కట్టేవారట. తర్వాత రైళ్లు వచ్చాయి, రైలింజను మొత్తాన్ని దేవుడికి ఇమ్మంటే కంపెనీలు ఊరుకుంటాయా, పద్దెనిమిది వందల నలభై ఆరులో చట్టాన్నే ఎత్తేశారు. కార్తీ ఇదంతా విని, "పాపం సామి" అంది, "రైలు వచ్చేటప్పటికి ఆయనకి ఏమీ ఇయ్యలేదు."

సాత్తూరు. బస్సు ఆగీ ఆగకముందే కిటికీల కిందికి దోసకాయల బుట్టలు, కారాసేవు పొట్లాలు, చేతులు, కేకలు. చీల్చి ఉప్పూకారం పూసిన దోసకాయను ఒకామె నా మొహం ముందుకు ఎత్తింది, తల అడ్డంగా ఊపాను, ఆమె పక్క కిటికీకి పోకుండా అలాగే పట్టుకుంది, "మీ పాప ఏడ సార్? ఎప్పుడూ అది దా నాలుగు తీసుకుంటాది" అంది తమిళంలో. ఆమెకు మా మొహాలు తెలుసునని నాకు తెలియదు. రాలేదు అన్నాను. అబద్ధం కాదు. డ్రైవరు హారన్ కొట్టాడు. తర్వాత వైప్పార్ వంతెన, కింద ఏరు ఇసుకే, ఇసుకలో ఎక్కడో ఒక గుంట, గుంటలో ఆకాశం ముక్క, సీసా మూత తీసి నీళ్లు తాగాను, మూత మళ్లీ సరిగా బిగించాను.

కార్తీ పోయిన రోజు కరెంటు పోయి ఉంది. రెండు వేల ఎనిమిది, ఆ ఏడాది కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు, రోజుకు ఎన్నిసార్లయినా పోతుంది. అర్ధ సంవత్సరం పరీక్షల సెలవులకు ఆమె చిన్నాయన ఇంట్లో ఉంది. మధ్యాహ్నం తంగం కట్టిచ్చిన క్యారియర్ తీసుకుని మిల్లుకు పోయింది. చిన్నాయన లేడు, కరెంటు లేదు కదా అని వీధి చివర టీ కొట్టుకు పోయి ఉన్నాడు. లోపల చీకటి, ఉక్క. మిల్లుకు ఒకే కిటికీ, అది బెల్టు వెనక ఉంది, అక్కడ వెలుతురు వస్తుంది, స్టూలు లాక్కుని అక్కడ కూర్చుని చదువుకుంది. ఆగి ఉన్న బెల్టు ఒక గోడ లాంటిది, దాన్ని ఆనుకుని ఎవరైనా కూర్చుంటారు. కరెంటు వచ్చింది. ఇంతే నేను రాయగలిగేది, ఇంతకు మించి నేను ఎవరికీ చెప్పలేదు, నాకూ చెప్పుకోలేదు. చావు వైపు కదిలించినది ఏదైనా. బెల్టు కదిలింది, బెల్టును కదిలించినది మోటారు, మోటారును కరెంటు, కరెంటును ఎక్కడో మీట పైకెత్తిన మనిషి ఎవరో, కిటికీ, స్టూలు, పుస్తకం, క్యారియర్, సెలవులు, ఇలా వెనక్కి పోతే ఏ జ్యూరీ అయినా ఒకచోట ఆగాలి, ఆగకపోతే లోకం మొత్తాన్ని లారీకి ఎక్కించాలి. నాకు ఎక్కడ ఆగాలో తెలుసు. మా ఇంట్లో నాకు మాత్రమే తెలుసు.

ఆ సాయంత్రం పోలీసులు కొలతలు తీసుకుంటుంటే నన్ను మిల్లు లోపల ఒక గోడ పక్కన నిలబెట్టారు. నా కళ్లకు ఎదురుగా స్టార్టర్ ఉంది, ఇనప పెట్టె, దానికి పచ్చ బటన్, ఎర్ర బటన్. పచ్చది నొక్కితే మోటారు తిరుగుతుంది. కరెంటు పోతే అది తనంతట తాను వదిలేస్తుంది, కరెంటు వచ్చినా మోటారు తిరగదు, మనిషి వచ్చి మళ్లీ నొక్కాలి. మనిషి చూసి నొక్కాలనే అలా చేశారు. మెయిన్ మీట ఎవరో దించేశారు కానీ, పచ్చ బటన్ లోపలికి నొక్కుకునే ఉంది. దాని అంచులో మడత పెట్టిన అట్టముక్క బిగించి ఉంది, ఎర్ర చిలక తోక కనబడుతోంది, అగ్గిపెట్టె అట్ట, మా ఊరి చెత్త సరుకు, బల్లకాలు ఊగితే కింద పెట్టుకునేది. రోజుకు పదిసార్లు కరెంటు పోయి వస్తుంటే ప్రతిసారీ లేచి నొక్కలేక పెట్టి ఉంచాడు. కరెంటు రాగానే మిల్లు తానే మొదలవుతుంది, ఆ చప్పుడు విని టీ గ్లాసు దించి పరిగెత్తి వస్తాడు. ఆ వీధిలో అందరూ అలాగే చేస్తారట, తర్వాత రెండు మూడు మిల్లుల్లోకి తొంగి చూశాను, నిజమే. పోలీసాయన కూడా దాన్ని చూశాడు, నా వైపు చూశాడు, కొలత టేపు చుట్టుకుని బయటికి నడిచాడు. ప్రమాదం అని తేల్చారు. మహేంద్రన్ వీధిలో నేల మీద పడి ఉన్నాడు, నుదురు రాతికి కొట్టుకుంటున్నాడు, నలుగురు పట్టుకున్నారు. నేను ఆ అట్టముక్కను తీయలేదు. ఎందుకు తీయలేదో ఇప్పటికీ చెప్పలేను. తీస్తే ఏదో ఒకటి పైకి చెప్పాలి కదా.

గాంధిమతికి తెలియదు. తెలిస్తే ఆమె వాడి మొహం మళ్లీ చూడదు, వాడిని ఆమె కొడుకులా పెంచింది, మా అమ్మ పోయినప్పుడు వాడికి ఇంకా మీసం సరిగా రాలేదు. తెలియదు కనుకే ఆమె మిల్లును తీసుకుపొమ్మంటోంది, మిల్లు ఎంత పెద్దదైతే అంత మంచిది, కోపం అంతా దాని మీద పడుతుంది, వాడు మిగులుతాడు. మహేంద్రన్ కూడా మిల్లును తీసుకుపొమ్మంటున్నాడు. బస్సు విరుదునగర్ శివారులో గేటు దగ్గర ఆగింది, గూడ్సు బండి పోతోంది, డబ్బా తర్వాత డబ్బా, ఇంజను ఆపేసిన బస్సులో అందరూ మాట్లాడటం మానేశారు, అప్పుడు నాకు తట్టింది, లేదా ఎప్పటి నుంచో ఉన్నది అప్పుడు ఆగి నిలబడింది. మిల్లును దింపి దాని మీద చెయ్యి వేస్తే వాడు ఏం చెప్పాలి? మిల్లు బెల్టు లాగేసింది అని చెప్పాలి. అది నిజమే. అంత పెద్ద ఇనుము వెనుక ఒక అట్టముక్క ఎవరికి కనబడుతుంది? సామి దగ్గర, వాళ్ల వదినె ముందు, వాడు చెప్పవలసినది చెప్పకుండా తిరిగి వస్తాడు. వాడికి మిల్లు పోతుంది, తంగానికి బతుకు పోతుంది, ఆ మాట మాత్రం వాడి దగ్గరే ఉండిపోతుంది, వాడు చచ్చేదాకా. వాడు దాచుకోవాలని చేస్తున్నాడని కాదు. తన మీద పడాల్సిన దానికి బదులు ఉన్నదంతా ఇచ్చేస్తానంటున్నాడు. గూడ్సు పోయింది. గేటు లేచింది.

మిరప గోదాముల వీధిలో అందరూ తుమ్మేవాళ్లే, కొత్తవాళ్లు ఎక్కువ, పాతవాళ్లు తక్కువ. కరెంటు లేదు. దుకాణాల వాళ్లు అరుగుల మీద కూర్చుని అట్టలతో విసురుకుంటున్నారు, నన్ను చూసి విసురుకోవడం ఆపారు. మిల్లు తలుపు తీసి ఉంది. మహేంద్రన్ గడప మీద కూర్చున్నాడు, గడ్డం నెరిసింది, అది నెరిసిందని నాకు ఇంతవరకు తెలియదు.

"వస్తివా అన్నా."

"వస్తిని."

తంగం చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చి నా మొహం చూడకుండా పక్కకు జరిగింది. వీధిలోంచి మా వాళ్లలోనే ఒకావిడ బియ్యం డబ్బా చంకన పెట్టుకుని తొంగి చూసింది. "ఏం మహేంద్రా, ఎప్పుడు దా తెరుస్తావు? ఆ పక్క వీది వాడు పిండి ఇస్తాడా, ఇసక ఇస్తాడా తెలియదు, మా ఇంట్లో పళ్ళు ఊడిపోతా ఉండాయి." అప్పుడు నన్ను చూసింది. డబ్బాను కొంగుతో కప్పుకుని, "పొయ్యొస్తాను సామీ" అని గొణిగి వెళ్లిపోయింది.

లోపలికి నడిచాను, వాడు నా వెనకే వచ్చాడు. కిటికీ వెలుతురు బెల్టు మీద పడుతోంది. స్టూలు లేదు. పిండి వాసన పుల్లగా మారింది. స్టార్టర్ దగ్గర నిలబడ్డాను, తలుపు తీసినప్పుడు వాడు అలవాటుగా మెయిన్ మీట ఎత్తేసి ఉన్నాడు, చిలక తోక అక్కడే ఉంది, దుమ్ము పట్టింది. రెండు వేళ్లతో పట్టుకుని లాగాను. పచ్చ బటన్ టక్కున బయటికి వచ్చింది. ఆ చప్పుడుకు మహేంద్రన్ గోడ పట్టుకుని కిందికి జారి కూర్చున్నాడు.

"ఎప్పుడు చూస్తివన్నా?"

"ఆ దినమే."

"వదినెకి..."

"చెప్పలేదు."

చాలాసేపు వాడు నేల మీది పిండిలో వేలితో గీతలు గీశాడు. "మిల్లు ఎత్తుకోని పోండి అన్నా," అన్నాడు, "రాయి, మోటారు, తలుపులు కూడా తీసుకోండి. లారీ వస్తాది. ఇది వద్దన్నా. ఇది చేతిలో పెట్టుకోని నేను ఏమని చెప్పేది?"

"జరిగింది చెప్పు."

"అందురూ పెడతారన్నా. ఈ వీదిలో అందురూ."

"తెలుసు."

"వదినె ముందరనా?"

"వదినె ముందర దా. నేను పక్కన ఉంటాను. మిల్లు ఈడనే ఉండనీ. సామికి ఇయ్యాల్సింది ఇది."

వాడు తల ఎత్తి నన్ను చూశాడు, చిన్నప్పుడు మామిడికాయ దొంగిలించి పట్టుబడితే అలాగే చూసేవాడు, అన్న ఏదైనా అడ్డం వేస్తాడని. నేనేమీ అడ్డం వేయలేదు. వాడి మొహం చూసి నాకు జాలి కలిగింది, అదే సమయంలో వాడిని కొట్టాలనీ అనిపించింది, రెండూ ఒకదాన్ని ఒకటి తగ్గించలేదు. వెలుతురు ఉందని నేను కిటికీ వైపు నడిచాను, ఏదో చూడాలని కాదు, ఆమె కూర్చున్న చోట ఒకసారి నిలబడాలని. బెల్టు నా మోచేతికి తగులుతోంది. వీధిలో ఎవరో "వచ్చేసింది" అని అరిచారు. నా తల మీద బల్బు వెలిగింది, పక్క కొట్టులో రేడియో మాట మధ్యలో అందుకుంది, ఎక్కడో ఫ్యాన్ రెక్కలు కిర్రుమన్నాయి, వాడు నేల మీద నుంచి ఎలా లేచాడో తెలియదు, వెనక నుంచి నా చొక్కా పట్టుకుని లాగాడు, గుండీలు తెగాయి, ఇద్దరం బియ్యం బస్తాల మీద పడ్డాం, వాడి చెయ్యి నా ఛాతీ చుట్టూ బిగిసి ఉంది, ఎముక విరిగేంత గట్టిగా, వాడి గుండె నా వీపు మీద కొట్టుకుంటోంది.

బెల్టు కదలలేదు.

బల్బు వెలుగుతూనే ఉంది. మేం ఇద్దరం బెల్టునే చూస్తున్నాం, ఇంకా కదలాల్సి ఉన్నట్టు, ఆలస్యమైనట్టు. కిటికీలో వెలుతురు ఉంది, బెల్టు పక్కన ఖాళీ ఉంది, ఆ ఖాళీలో ఒక పిల్ల కూర్చుని పేజీ తిప్పుకుని, అబ్బ కరెంటు వచ్చింది అని లేచి ఫ్యాన్ కిందికి పోయేంత సమయం గడిచింది, ఆ తర్వాత కూడా గడిచింది. రేడియోలో ఎవరో పత్తి ధరలు చెబుతున్నారు. వాడి చెయ్యి మెల్లగా సడలింది. ఏడుస్తున్నాడని శబ్దం వల్ల కాదు, నా వీపు తడి కావడం వల్ల తెలిసింది. నేను లేచి కూర్చున్నాను. వాడు ముందుకు అరచెయ్యి చాపాడు. నేను అట్టముక్కను అందులో పెట్టాను. వేళ్లు మూశాడు.

"తంగం," అని రెండుసార్లు పిలిచాడు. "లారీ వద్దని చెప్పు."

తర్వాత నన్ను అడిగాడు. "వత్రాప్ బస్సు ఏడ నిలుస్తాది అన్నా?" పుట్టినప్పటి నుంచి ఆ బస్సు ఎక్కినవాడే. ఎక్కడ నిలుస్తుందో చెప్పాను.